రెండో గది రిపోర్టు

"పదకొండుసార్లు వద్దంది. నేను లెక్కపెట్టాను."

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట అది. నమస్కారం లేదు, పలకరింపు లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే ఫైలు టేబుల్ మీద పడేసింది.

"చివరికి ఒప్పుకుందిగా?" అన్నాను.

"పన్నెండోసారికి ఓపిక అయిపోయింది. దాన్ని మీరు ఒప్పుకోవడం అంటున్నారు."

"అది కామెడీ అండీ. హీరో మంచివాడని హాల్లో కూర్చున్న ప్రతివాళ్లకీ తెలుసు."

"ఆ అమ్మాయికి తెలీదుగా! ఆ అమ్మాయికి తెలిసిందల్లా ఎవడో ఒకడు కాలేజీ నుంచి ఇంటిదాకా, ఇంటి నుంచి లైబ్రరీ దాకా, మూడు రీళ్లు వెంటపడుతున్నాడని. వాడి చేతిలో ఉన్నది పువ్వో కత్తో వెనక్కి తిరిగితే గానీ తెలీదు. దానికి మీరు 'అందరూ చూడొచ్చు' అని రాశారు."

"మీరు మరీ 'పెద్దలకు మాత్రమే' అని రాశారు!"

"రాస్తాను. వందసార్లు రాస్తాను."

నా దగ్గర ఉన్న ఒక్క జవాబూ బయటికి చెప్పుకునేది కాదు. ఆ సినిమా నేను పదేళ్లప్పుడు అమ్మ పక్కన కూర్చుని చూశాను. ఆ మూడు రీళ్లకీ ఈలలు కూడా వేశాను.

మాది సెన్సార్ ఆఫీసు. పాత సినిమాలన్నిటినీ ఇంటింటి ఫోన్లలోకీ టీవీల్లోకీ ఎక్కిస్తున్నారు కదా, వాటికి ఎప్పుడో వేసిన ముద్రలు ఇప్పటికి పనికొస్తాయా లేదా అని మళ్లీ చూసి చెప్పడం మా పని. పూర్వం రెండే ముద్రలు: అందరూ, పెద్దలు. ఇప్పుడు నాలుగు మెట్లు: అందరూ, పదమూడు దాటినవాళ్లు, పదహారు దాటినవాళ్లు, పెద్దలు.

ఒక్కో సినిమాకి ఇద్దరు పరిశీలకులు. ఒకరి మాట ఒకరి మీద పడకూడదని ఇద్దరికీ వేరు వేరు గదులు. గదిలో ఒక తెర, ఒక కుర్చీ, ఒక చిన్న దీపం. నాది ఒకటో గది, ఆమెది రెండో గది. ఒకే సినిమా ఒకే క్షణాన రెండు గదుల్లో మొదలవుతుంది. అయిపోగానే ఎవరి రిపోర్టు వాళ్లు డబ్బాలో వేయాలి. రిపోర్టుల మీద పేర్లుండవు, గది నంబర్లే. నేను తొమ్మిదిన్నరకి వస్తే ఆమె పదికి వస్తుంది. నా భోజనం పన్నెండున్నరకి, ఆమెది ఒకటిన్నరకి. ఆఫీసు బయట పరిచయం పెట్టుకుంటే ఇద్దరిలో ఒకరిని వేరే చోటికి పంపేస్తారు.

రెండు రిపోర్టులూ కలిసిపోతే ఏకాభిప్రాయం, ముద్ర పడిపోతుంది. ఒక్క మెట్టు తేడా ఉంటే ఎక్కువదే ఖాయం. రెండు మెట్లు, ఆపైన తేడా వస్తే మాత్రం ఇద్దర్నీ చివరి గదిలో టేబుల్‌కి అటూ ఇటూ కూర్చోబెడతారు. అరగంట వాదించుకుని ఒక మాట మీదికి రావాలి.

అంటే, మేం మాట్లాడుకోవాలంటే గొడవపడాలి. అది ప్రభుత్వం వారి ఏర్పాటు.

ఆ రోజు అరగంటలో ఇరవై తొమ్మిది నిమిషాలు ఆమే మాట్లాడింది. చివరి నిమిషంలో నేను "పదహారు" అన్నాను. "సరే, పదహారు," అంది. సంతకాలు పెట్టాం. ఆమె వెళ్లిపోయాక కూడా నేను కాసేపు అక్కడే కూర్చున్నాను. నాతో ఒక మనిషి అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకుంటే, ఆ లెక్క నాకు నచ్చలేదు.

* * *

ఒంటరితనం గురించి ఎవరైనా అడిగితే నేను ఉదాహరణలతో సహా చెప్పగలను. రోజుకి రెండు సినిమాలు, ఐదు గంటలు చీకట్లో. పక్కన ఎవరూ ఉండరు కాబట్టి నవ్వొచ్చినా ఒక్కడినే నవ్వాలి. ఒక్కడే నవ్వితే ఆ నవ్వు గోడకి తగిలి తిరిగొస్తుంది. అందుకని కొన్నాళ్లకి నవ్వడం మానేశాను. సాయంత్రం అద్దె గదికి వెళ్లి, తాళం తీసి, నిన్న ఎక్కడ వదిలిన చెప్పులు అక్కడే ఉండటం చూసి, దీపం వేసుకునేవాణ్ని.

ఆదివారాలు అక్క ఫోన్ చేసేది.

"ఏరా, ఎవరైనా దొరికారా?"

"దేనికి?"

"మాట్లాడ్డానికేరా మొద్దూ! పెళ్లి సంగతి తర్వాత."

"రోజూ సినిమాల్లో వందమంది మాట్లాడుతూనే ఉంటారక్కా."

"వాళ్లు నీతో మాట్లాడరు కదరా," అనేది అక్క. ఆమె మాటకి ఎదురు చెప్పడం చిన్నప్పటి నుంచీ నా వల్ల కాలేదు.

అలాంటివాడికి గోడ అవతల నుంచి ఒక తుమ్ము వినిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. రెండో గదిలో ఏసీ ఆమెకి పడదు. తుమ్మితే వరసగా మూడు. మూడోది కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ మూడోది వచ్చేదాకా నేను తెర మీద ఏం జరుగుతోందో చూసేవాణ్ని కాదు.

రెండోసారి మేం కూర్చున్నది ఒక గొడుగు కోసం. పాత సినిమా. వానలో హీరో హీరోయిన్ ఒకే గొడుగు కింద ఉంటారు, గొడుగు కెమెరాకి అడ్డంగా వస్తుంది, ఐదు సెకన్ల తర్వాత లేస్తుంది. నేను 'పదహారు' రాశాను. ఆమె 'అందరూ' అని రాసింది.

"గొడుగు వెనక ఏం జరిగింది?" అంది.

"తెలుస్తూనే ఉందిగా."

"నాకు తెలీదు. చెప్పండి."

"అంటే... వాళ్లిద్దరూ... దగ్గరగా..."

"మీకు కనిపించింది గొడుగు. మిగతాదంతా మీ బుర్రలో జరిగింది. రేటింగు గొడుగుకా, మీ బుర్రకా?"

నా చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ బయట కూడా సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. నన్ను వెక్కిరించడానికే పనిగట్టుకుని వచ్చినట్టుంది ఆ వాన. ఆమె కిటికీ వైపు చూసి, నా వైపు చూసి, నవ్వాపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు అంచు మీంచి కళ్లు మాత్రం కనిపించాయి. ఆ కళ్లకి ఏ మెట్టు రాయాలో ఏ ఫారంలోనూ లేదు.

టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడల్లా పాత ఫైళ్లు ఇద్దరం కలిసి తిరగేసేవాళ్లం, అది పనిలో భాగమే. పూర్వం కూర్చున్నవాళ్లు తమ అభ్యంతరాలు పొందికైన చేతిరాతలో రాసిపెట్టారు.

"ఇది వినండి," అని ఆమె చదివేది. "'ఇరవై రెండో నిమిషం: భార్య తలుపు గడియ స్వయంగా వేసినది. అభ్యంతరకరం.'"

"మరి ఎవరు వేయాలట?"

"పక్కింటాయన కావచ్చు. ఇంకోటి. 'నలభయ్యో నిమిషం: కథానాయిక అవసరమునకు మించి నవ్వినది.'"

"ఎంత నవ్వితే సరిపోతుందో రాశారా?"

"రాయలేదు. కానీ అదే ఫైల్లో చూడండి. భర్త భార్యని లాగి లెంపకాయ కొట్టిన సీను పక్కన 'కుటుంబ విలువలు గలవు. అభ్యంతరము లేదు.'" చదివేసరికి ఆమె గొంతులో నవ్వు పోయింది. "గడియ వేస్తే తప్పు, చెంప పగలగొడితే విలువ."

తర్వాతి కాలం ఫైళ్లలో ఇంకో చోద్యం. ఎంత చర్మం కనిపించిందో స్కేలు పెట్టి కొలిచినట్టు రాసేవాళ్లు. హీరో నలభైమందిని నరికినా రక్తం మరీ ఎర్రగా లేకపోతే 'అందరూ చూడొచ్చు'. మా కొత్త ఫారంలో చర్మానికి ఒక్కటే గడి. ఇష్టం లేకుండా తాకడానికీ, వెంటపడటానికీ, ఇంట్లో చెయ్యెత్తడానికీ, తాగినవాణ్ని చూపించి నవ్వించడానికీ వేరు వేరు గడులు.

"రేపు మన రిపోర్టులు చూసి కూడా ఎవరో ఇలాగే నవ్వుతారు," అన్నాను.

"నవ్వనివ్వండి. మనం అవసరానికి మించి నవ్వుతున్నాం కదా," అంది.

* * *

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, ఆమె చెప్పేది నాకు అర్థమవడం మొదలైంది. పాత సినిమా చూస్తుంటే ఆమె ఏమంటుందో ముందే చెవిలో వినిపించేది. హీరోయిన్ వద్దన్న ప్రతిసారీ నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె కూడా నా మాట కొంత పట్టించుకున్నట్టుంది, గొడుగులూ పువ్వులూ దాటి మరీ కఠినంగా రాయడం తగ్గించింది. మొదటి నెలలో తొమ్మిదిసార్లు కూర్చున్నాం. రెండో నెలలో నాలుగు. మూడో నెలలో ఒక్కటంటే ఒక్కసారి.

మా ఇద్దరి అభిప్రాయాలూ కలిసిపోయాయి. మేం మాత్రం విడిపోయాం.

బస్‌స్టాప్ దాకా వెళ్లి పలకరించొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను. ఒకరోజు సాయంత్రం అరగంట ఆగి బయటపడి, ఆమె రోడ్డు దాటుతుంటే చూశాను. భుజానికి సంచీ, చేతిలో మడతపెట్టిన గొడుగు. నాలుగడుగులు వేశాను కూడా. వెనక నడుస్తున్నది పువ్వు పట్టుకున్నవాడో కత్తి పట్టుకున్నవాడో తిరిగి చూస్తే గానీ తెలియదని చెప్పిన మనిషి వెనకాల నడవడమా? కాళ్లు ఆగిపోయాయి. పైగా రూలొకటి ఉండనే ఉంది. ఆమె ఉద్యోగంతో ఆడుకునే హక్కు నాకు లేదు.

అందుకని ఒక దొంగపని చేశాను. ఆమె తప్పకుండా 'అందరూ' రాస్తుందనుకున్న సినిమాకి నేను 'పదహారు' రాశాను.

మర్నాడే పిలుపు వచ్చింది.

"మీరు బాగుపడ్డారనుకున్నాను. మళ్లీ తిరగబెట్టిందా?" అంది కూర్చుంటూనే.

"కొద్దిగా జ్వరం తగిలినట్టుంది."

"ఈ సినిమాలో అభ్యంతరం ఏముందో చెప్పండి చూద్దాం."

నేను ఏదో చెప్పాను. ఆమె ఖండించింది. నేను ఇరవై ఐదు నిమిషాలు మొండికేసి, ఆఖరి ఐదు నిమిషాల్లో దిగొచ్చాను. ముద్ర సరైనదే పడింది, ఎవరికీ నష్టం లేదు. ఆ వారమంతా నాకు అద్దె గది కూడా అంత చిన్నదిగా అనిపించలేదు.

ఇంకో రెండుసార్లు అలాగే చేశాను. మధ్యలో నాలుగుసార్లు ఆమె రిపోర్టే వింతగా వచ్చింది. ఒక కుక్కపిల్ల సినిమాకి 'పదహారు' రాసింది.

"కుక్కపిల్ల తప్పిపోతుంది కదండీ, పిల్లలు భయపడతారు," అంది.

"పది నిమిషాల్లో దొరుకుతుందిగా!"

"ఆ పది నిమిషాలూ?" అంది గానీ, వాదనలో ఎప్పటి పదును లేదు. పనెక్కువై అలిసిపోయింది కాబోలు అనుకున్నాను. ఇంత తెలివైనవాణ్ని నేను.

* * *

ఆ సినిమా వచ్చింది పద్దెనిమిది రోజులు మేం ఎదురుపడకుండా గడిచాక.

పాతది. ఒక టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసే ఆవిడ కథ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల మాటలు ఒకరి నుంచి ఒకరికి కలుపుతూ ఉంటుంది. ఆమెకి మాత్రం ఎవరూ ఫోన్ చేయరు. సినిమా మొత్తానికి అదే కథ. చివర్లో ఒక షాట్ ఉంది. ఆవిడ పని నుంచి వచ్చి, మంచం మీద పడుకుని, దిండుని గట్టిగా పట్టుకుని ఏడుస్తుంది. రెండు నిమిషాలు. కెమెరా కదలదు. పాత ఫైల్లో ఇలా ఉంది: "ఒంటరి స్త్రీ, మంచము మీద, దిండును కౌగిలించుకొని, దీర్ఘముగా. పెద్దలకు మాత్రమే."

చీకట్లో ఆ రెండు నిమిషాలూ నేను కూడా ఏడ్చాను. ఎందుకు దాచాలి? ఆవిడ మంచం పక్కన చెప్పులు నా గదిలోలాగే ఉన్నాయి. ఆ ఏడుపుని బూతు అనుకున్నారంటే వాళ్ల ఇళ్లలో ఎవరూ ఎప్పుడూ ఒంటరిగా లేరేమో!

ఆ సినిమా గురించి మాట్లాడకపోతే ఉండలేననిపించింది. మాట్లాడాలంటే ఒక్క మనిషితోనే మాట్లాడాలి. దీనికి ఆమె 'అందరూ' తప్ప ఇంకోటి రాయదు, అందులో నాకు ఇసుమంత అనుమానం లేదు. కాబట్టి నేను 'పెద్దలకు మాత్రమే' అని రాశాను. టేబుల్ దగ్గర దిగొస్తే సరి. డబ్బాలో వేసి, మర్నాటికి ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాను.

మర్నాడు పిలుపు రాలేదు. ఆ మర్నాడు నోటీసుబోర్డు మీద చీటీ అంటించారు: "ఏకాభిప్రాయం. పెద్దలకు మాత్రమే."

మూడుసార్లు చదివాను. అంటే రెండో గది కూడా అదే రాసింది. లెంపకాయ దగ్గర గొంతులో నవ్వు పోయిన మనిషి, ఒంటరిగా ఏడ్చిన ఆవిణ్ని చూసి పిల్లలు చూడకూడదని రాసింది! నేను రాసిందీ అదే కదా అన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు, అంత కోపం వచ్చింది ఆమె మీద. గోడ అవతల మూడు తుమ్ములు వినిపించినా తెర మీంచి చూపు తిప్పలేదు.

వారం తర్వాత, మంచినీళ్ల కోసం వరండాలోకి వెళితే బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఎనభై ఏళ్లుంటాయి. ఒళ్లో ఒక కవరు. గ్లాసు అందుకోవడానికి చెయ్యి వణుకుతుంటే నేనే నీళ్లు పట్టి ఇచ్చాను.

"నువ్వు ఇక్కడే పనిచేస్తావా బాబూ?"

"అవునండీ."

"ఏకాభిప్రాయానికి అప్పీలు లేదట. నిజమేనా?"

"నిజమేనండీ. ఏ సినిమా?"

"టెలిఫోన్ ఆవిడ సినిమా. నేనే తీశాను. తీసింది ఆ ఒక్కటే." ఆయన కవరుని చేత్తో నిమిరారు. "ఆవిడ మా అక్కయ్య. ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్లు చేసింది. పెళ్లి కాలేదు. ఆవిడ బాధ నాకొక్కడికే తెలుసు, అందరికీ తెలియాలని తీశాను. సినిమాకి ఆ ముద్ర పడింది, ఆ ముద్రే మా అక్కయ్యకీ పడింది. 'పెద్దలు మాత్రమే చూడాల్సిన పనులు ఏం చేసిందో' అన్నారు చుట్టాలు. పోయేదాకా తలెత్తుకుని తిరగలేదు."

నేను బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"కాలం మారింది, మళ్లీ చూస్తున్నారంటే సంబరపడ్డాను బాబూ. నా మనవరాలికి ఏడేళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని, అదిగో మా అక్కయ్య అని చూపిద్దామనుకున్నాను. ఏం మారింది? అప్పుడూ అదే, ఇప్పుడూ అదే." ఆయన నవ్వడానికి ప్రయత్నించారు. "చూసినవాళ్లెవరో గానీ, వాళ్లకి అక్కచెల్లెళ్లు లేరనుకుంటాను."

నాకు అక్క ఉంది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది.

* * *

మా పెద్ద మేడం ముందు నోరు తెరవడానికి కొమ్ములు తిరిగినవాళ్లే జంకుతారు. రిటైర్మెంటుకి ఏడాది ఉంది, కళ్లజోడు మీంచి చూస్తే మనం కడిగిన ముత్యంలా ఉన్నా ఎక్కడో మచ్చ ఉందేమో అనిపిస్తుంది. అప్పీలు లేని చోట ఒకటే దారి: పరిశీలకుడే నా రిపోర్టు తప్పు అని రాసివ్వాలి. రాసిచ్చినవాడు మళ్లీ ఆ కుర్చీలో కూర్చునేది అనుమానమే.

"టెలిఫోన్ సినిమాకి నేను రాసింది తప్పు మేడం," అంటూ కాగితం ఆమె ముందు పెట్టాను.

"పొరపాటా?"

"కాదు. తెలిసే రాశాను."

కళ్లజోడు కిందికి జారింది. "ఎవరైనా చెప్పారా రాయమని?"

"ఎవరూ చెప్పలేదు మేడం. రెండో గది 'అందరూ' అని రాస్తుందని నాకు తెలుసు. తేడా వస్తే టేబుల్ దగ్గర కూర్చోబెడతారు. ఆవిడతో మాట్లాడాలని రాశాను. నాకు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు మేడం. ఆ అరగంట కోసం అంతకుముందూ మూడుసార్లు తప్పు రాశాను. అవి టేబుల్ దగ్గర సరిదిద్దుకున్నాం. ఇది సరిదిద్దే వీల్లేకుండా పోయింది. రెండో గది ఎందుకు అలా రాసిందో నాకు..."

"నాలుగుసార్లు."

వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఆమె. చేతిలో ఒక కాగితం. పెద్దాయనకి నేను నీళ్లిచ్చానని చెప్పాను కదా, తిరుగుదారిలో ఆయన్ని లిఫ్టు దాకా నడిపించింది ఆమేనట. తర్వాత తెలిసింది.

"ఇది కాక నేను నాలుగుసార్లు తప్పు రాశాను," అంది మళ్లీ. ఆమె మేడంతో మాట్లాడుతోంది, చూపు మాత్రం నేల మీదే ఉంది. "కుక్కపిల్ల సినిమా ఒకటి. ఇది కూడా తప్పే మేడం. ఒకటో గది తప్పకుండా 'అందరూ' అని రాస్తారని, నేను 'పెద్దలు' రాశాను. చీటీ చూశాక, ఆ షాట్ చూసి అలా రాసిన మనిషా ఈయన అని వారం రోజులు తిట్టుకున్నాను."

"నేనూ అదే తిట్టుకున్నాను," అన్నాను.

"నన్నా?"

"మరి ఇంకెవర్ని?"

"ఆపండి!" అన్నారు మేడం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "ప్రభుత్వం రెండు గదులు కట్టింది, రెండు తెరలు పెట్టింది, ఇంత పుస్తకం రూల్సు రాసింది. మీరిద్దరూ కలిసి దాన్ని ప్రేమలేఖల డబ్బా చేశారు. మాట్లాడాలంటే దేవుడు నోరిచ్చాడుగా! అడిగి చావొచ్చుగా!"

మేడం రెండు కాగితాలూ పక్కకి నెట్టారు.

"అక్కడ ఒక ముసలాయన తన అక్కయ్య పరువు కోసం మన ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. అది తెలుసా మీకు?"

"తెలుసు మేడం," అన్నాం ఇద్దరం. బహుశా మా మొదటి నిజమైన ఏకాభిప్రాయం అదే.

రిపోర్టులు రద్దయ్యాయి. సినిమా కొత్త జంటకి వెళ్లింది. మాకు చెరో మెమో. ఇద్దరిలో ఒకరు వేరే ఆఫీసుకి వెళ్లక తప్పదన్నారు మేడం. నేను నోరు తెరిచేలోపే ఆమె "నేను వెళ్తాను, ఆ ఏసీ నాకెలాగూ పడదు," అంది.

సాయంత్రం మెట్ల దగ్గర ఆమె ఒక నిమిషం ఆగింది. నిజంగా ఆగింది. నేను ఏమైనా అంటానని. నా వల్లే ఈమె ఉద్యోగం చెదిరింది, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? "జాగ్రత్తగా వెళ్లండి," అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది.

"జాగ్రత్తగా వెళ్లండా?" అంది అక్క ఆదివారం. "ఒరే, అడగందే అమ్మైనా పెట్టదురా! మన ఇంట్లో ఎవరి పోలికరా నీకు?"

రెండో గదిలోకి కొత్తాయన వచ్చారు. దగ్గుతారు. మా రిపోర్టులు బ్రహ్మాండంగా కలుస్తాయి. నేను మాత్రం ఇంటికెళ్లి తాళం తీసేటప్పుడు రోజూ ఆ మెట్ల దగ్గరి నిమిషాన్ని మళ్లీ నడిపి చూసుకునేవాణ్ని. అందులో నేను ఎప్పుడూ సరైన మాటే అనేవాణ్ని.

* * *

రెండు నెలల తర్వాత ఆఫీసుకి ఒక ఆహ్వానం వచ్చింది. టెలిఫోన్ సినిమాకి 'అందరూ చూడొచ్చు' అని కొత్త ముద్ర పడింది. పెద్దాయన ఒక చిన్న హాల్లో పొద్దున ఆట వేయిస్తున్నారు, అందరూ రావాలని.

వెళ్లేసరికి దీపాలు ఆర్పుతున్నారు. నాలుగో వరసలో, సంచీ ఒళ్లో పెట్టుకుని, ఆమె. పక్క సీటు ఖాళీ.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

ఆమె తలెత్తింది. "లేరు. రెండు నెలల నుంచి లేరు."

కూర్చున్నాను. రెండువందల సినిమాలు గోడకి అటూ ఇటూ కూర్చుని చూసిన మనుషులం, పక్కపక్కన ఇదే మొదటిది. ఎక్స్చేంజిలో ఒక తిక్క కస్టమర్ సీను దగ్గర నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గోడకి తగిలి తిరిగొచ్చింది కాదు, ఒక మనిషిది.

ఆ షాట్ వచ్చింది. హాలంతా నిశ్శబ్దం. ముందు వరస నుంచి ఒక పాప గొంతు గట్టిగా వినిపించింది.

"తాతయ్యా, ఆవిడెందుకు ఏడుస్తోంది?"

"మాట్లాడేవాళ్లు లేకమ్మా."

"పక్కింటికెళ్లి మాట్లాడొచ్చుగా!"

హాల్లో ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు. నాకు రెండూ వచ్చాయి.

"ఏవండీ," అన్నాను మెల్లగా. "నాకు మీరంటే చాలా ఇష్టం. మెట్ల దగ్గరే చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు. మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, మళ్లీ అడగను."

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. కళ్లు తడిగా మెరుస్తున్నాయి. "నాకూ ఇష్టమే," అంది. "ఇంత చిన్న మాట దాచుకుని, ఒక పెద్దాయన్ని ఏడిపించామండీ."

దీపాలు వెలిగాక ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్లాం. చెప్పకుండా ఉండటం ఇద్దరి వల్లా కాలేదు. నేను సగం చెప్పాను, మిగతా సగం ఆమె చెప్పింది. ఎందుకు తప్పు రాశామో, ఎవరి కోసం రాశామో అంతా. ఆయన కోప్పడితే కాళ్ల మీద పడదామనే అనుకున్నాను.

ఆయన కోప్పడలేదు. తెల్లగా ఉన్న తెర వైపు చాలాసేపు చూశారు. మనవరాలు ఆయన వేలు పట్టుకుని లాగుతోంది.

"మా అక్కయ్యతో మాట్లాడటం కోసం అలా తప్పు రాసేవాడు ఒక్కడుంటే," అన్నారు, "నేనీ సినిమా తీయాల్సి వచ్చేది కాదు బాబూ."

తర్వాత మా ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి, పాపని ఎత్తుకోలేక నడిపించుకుంటూ మెట్లు దిగారు. మేం ఆయన వెనకే, ఒక్కో మెట్టూ ఆగుతూ, కలిసి దిగాం.